జపాన్‌లోని చానెల్ సాకురా ప్రభుత్వ చానెలా?

కాదు, అది ప్రైవేటు జాతీయవాద చానెల్. సినీ దర్శకుడు మిజుషిమా సతోరు 2004లో దాన్ని మొదలుపెట్టారు.

మొదట శాటిలైట్ టీవీలో వచ్చేది, తర్వాత ఎక్కువగా ఇంటర్నెట్‌కి మారింది. పెద్ద ప్రకటనలకన్నా చూసేవాళ్లిచ్చే విరాళాలే దానికి ముఖ్యం. నా దృష్టిలో అసలు కీలకం ఇక్కడే ఉంది. డబ్బిచ్చి చూసేవాళ్లు ప్రేక్షకులుగానే ఉండిపోరు, పిలిస్తే వీధిలోకి వస్తారు. జపాన్ ప్రసార చట్టం రాజకీయంగా నిష్పక్షపాతంగా ఉండాలంటుంది కాబట్టి మామూలు టీవీ చానెళ్లు ఇలా బాహాటంగా ఉద్యమాలు నడపవు.

ఒక ఉదాహరణ. 2010లో మిజుషిమా, వాయుసేన మాజీ అధిపతి తమోగామి తోషియో కలిసి 'గంబారే నిప్పొన్' అనే సంఘం పెట్టారు. 2012 ఆగస్టు 19న ఆ సంఘం ఆధ్వర్యంలో సుమారు 150 మంది 20 పడవల్లో సెన్‌కాకు దీవుల దగ్గరికి వెళ్లారు. ఈ దీవులు తమవేనని చైనా కూడా అంటుంది. దిగడానికి ప్రభుత్వం అనుమతి ఇవ్వలేదు. అయినా పది మంది నీళ్లలో దూకి, ఈదుకుంటూ వాటిలో ఒకటైన ఉవొత్సురి దీవికి చేరి జపాన్ జెండాలు ఎగరేశారు. తీరరక్షక దళం వాళ్లను ప్రశ్నించింది. అదే రోజు చైనా నగరాల్లో నిరసనలు చెలరేగాయి.

ఇలాంటి ఘటనల వీడియోలు చూసి చాలామంది 'జపాన్ అంతా ఇలాగే ఆలోచిస్తుంది' అనుకుంటారు. అది పొరపాటు. 2014లో టోక్యో గవర్నర్ ఎన్నికలో తమోగామికి దాదాపు 6.1 లక్షల ఓట్లు వచ్చాయి. తక్కువేమీ కాదు గానీ, ఆయన నాలుగో స్థానంలోనే నిలిచారు.