పెద్ద శిల్పి దగ్గర సహాయకుడిగా చేరితే సొంత శైలి పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి శిల్పకళలో డిగ్రీ పూర్తి చేశాడు. పేరున్న ఒక ఆధునిక శిల్పి తన స్టూడియోలో సహాయకుడిగా రమ్మన్నారు. ఏళ్ల తరబడి వేరొకరి బొమ్మలు చేస్తూ కూర్చుంటే వాడి సొంత చెయ్యి పోతుందేమోనని మాకు టెన్షన్‌గా ఉంది. మర్రిచెట్టు నీడలో ఇంకో మొక్క ఎదగదంటారు కదా! పంపమంటారా, పీజీలో చేర్చమంటారా?

జవాబు: మీ భయం కొత్తదేమీ కాదు. రుమేనియా నుంచి వచ్చిన శిల్పి బ్రాంకూసీ 1907లో పారిస్‌లో ప్రసిద్ధ ఫ్రెంచ్ శిల్పి రోడాన్ స్టూడియోలో చేరి, కొద్ది వారాలకే బయటికి వచ్చేశాడు. పెద్ద చెట్ల కింద ఏదీ పెరగదని ఆయన అన్నట్టు ఇప్పటికీ చెప్పుకుంటారు. తమాషా ఏమిటంటే, 1927లో ఆ బ్రాంకూసీ దగ్గరికే జపనీస్-అమెరికన్ శిల్పి ఇసాము నొగుచి సహాయకుడిగా వెళ్లాడు. పొద్దున అక్కడ పని, మధ్యాహ్నం తన డ్రాయింగ్ సాధన. ఒకరి భాష ఒకరికి సరిగ్గా రాదు కాబట్టి చూసి నేర్చుకోవడమే. రంపం ఎలా పట్టాలి, సున్నపురాతి దిమ్మె అంచులు సమంగా ఎలా తీయాలి, అక్కడ మొదలైంది చదువు. కొన్ని నెలలే ఉన్నాడు. తర్వాత తోటలు, పిల్లల ఆటస్థలాలు, కాగితపు దీపాలు చేసిన నొగుచిని బ్రాంకూసీకి నకలు అని ఎవరూ అనలేదు.

కాబట్టి పంపండి. అయితే ఆ శిల్పి ఆకారాలు నేర్చుకోవడానికి కాదు, ఆయన పని నేర్చుకోవడానికి.

నిలువెత్తు బొమ్మ చేసే అవకాశం కాలేజీలో అరుదుగా వస్తుంది. స్టూడియోలో అదే రోజువారీ పని. ముందు ఇనుప పైపులు, తీగలతో లోపలి ఆర్మేచర్, అంటే బొమ్మను నిలబెట్టే చట్రం కట్టాలి. పచ్చి మట్టి తన బరువుకి తానే కిందికి జారిపోతుంది. అందుకని చిన్న చెక్కముక్కల్ని అడ్డంగా జోడించి, తీగతో అక్కడక్కడా వేలాడదీస్తారు. మట్టి వాటిని పట్టుకుని నిలబడుతుంది. రాత్రి వెళ్లేముందు తడిగుడ్డ, దానిమీద పాలిథిన్ కప్పకపోతే తెల్లారేసరికి పగుళ్లు. తర్వాత ప్లాస్టర్‌తో అచ్చు. మొదటి పూతలో కొంచెం రంగు కలుపుతారు, పై పూత తెల్లగానే ఉంచుతారు. లోపల పోతపోశాక ఆ అచ్చును ఉలితో కొట్టి తీసేయాలి. రంగు పూత కనపడిందంటే బొమ్మ దగ్గరికి వచ్చేశామన్నమాట. అక్కడ చెయ్యి నెమ్మదించకపోతే ముక్కు ఎగిరిపోతుంది. ఇది వీడియోలు చూస్తే వచ్చేది కాదు.

ఇక ప్రభావాల సంగతి. బ్రిటిష్ శిల్పి హెన్రీ మూర్ అరచేతిలో పట్టేంత చిన్న నమూనా చేసుకుని, దాన్ని అన్నివైపులకీ తిప్పి చూసుకునేవాడు. దాన్ని పెద్దది చేసే పనిలో చాలాభాగం సహాయకులది. మరి ఆ ఆకారాలు ఎక్కడి నుంచి వచ్చాయి? పొలాల్లో ఏరుకున్న చెకుముకి రాళ్లు, ఎముకలు, మ్యూజియంలో చూసిన ఈజిప్టు, మెక్సికో శిల్పాల నుంచి. 1929లో చేసిన పడుకున్న స్త్రీ శిల్పం వెనుక మెక్సికోలోని చాక్‌మూల్ అనే, వెనక్కి వాలి ఉండే ప్రాచీన విగ్రహం ఉంది. మరో బ్రిటిష్ శిల్పి ఆంథొనీ కారో 1951 నుంచి రెండేళ్లు మూర్ దగ్గర పనిచేశాడు, ఆయన పుస్తకాలు తెచ్చుకుని చదివాడు. ఆ తర్వాత 1959లో అమెరికా వెళ్లొచ్చి, ఉక్కు ముక్కల్ని వెల్డింగ్ చేసి, రంగులేసి, దిమ్మె లేకుండా నేలమీదే నిలబెట్టాడు. మూర్‌తో పోలికే లేదు. అందుకే మీ అబ్బాయికి చెప్పండి, ఆ శిల్పి చేసిన బొమ్మల కంటే ఆయన అలమరలో దాచుకున్న వస్తువుల్ని ఎక్కువ గమనించమని.

గడువు మాత్రం ముందే పెట్టుకోవాలి. ఫ్రెంచ్ శిల్పి బూర్దెల్ 1893లో రోడాన్ దగ్గర చేరి పదిహేనేళ్లు ఉన్నాడు. బాగా పేరు తెచ్చిన ‘విలుకాడు హెరక్లీజ్’ శిల్పం పూర్తి చేసింది బయటికి వచ్చాకే, 1909లో. నా లెక్కలో రెండేళ్లు చాలు. పీజీ ఎక్కడికీ పోదు. ఈ అనుభవంతో వెళితే ఇంటర్వ్యూలో మాట్లాడటానికి సరుకు ఉంటుంది. ఒకవేళ మీ అబ్బాయికి ఎవరూ చెప్పకుండా స్కెచ్‌బుక్ తెరిచే అలవాటు లేకపోతే మాత్రం ముందు పీజీయే మంచిది. అలాంటివాళ్లే స్టూడియోలో కరిగిపోతారు.

చేరేముందు మొహమాటపడకుండా కొన్ని అడగమనండి. జీతం నెలనెలా ఇస్తారా, పని అయ్యాక ఇస్తారా? వారంలో సొంత పనికి ఎంత సమయం, స్టూడియోలో ఒక మూల కాస్త చోటు దొరుకుతుందా? తాను పనిచేసిన శిల్పాల ఫొటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ‘అచ్చు తీశాను’, ‘నమూనాను పెద్దది చేశాను’ అని ఉన్నదున్నట్టు రాయాలి. రాయి కోసేచోట, ఫైబర్ గ్లాస్ పనిలో సరైన మాస్కులు ఇస్తారా అన్నది మీరే అడగండి. రాతి ధూళిలోని సిలికా ఊపిరితిత్తుల్ని శాశ్వతంగా దెబ్బతీస్తుంది, ముక్కుకు కట్టిన రుమాలు దాన్ని ఆపదు. ఈ ఒక్క ప్రశ్నకు ‘చూద్దాంలే’ అన్నారంటే, ఆయన ఎంత పెద్ద శిల్పి అయినా సరే, పీజీ దరఖాస్తు నింపేయండి.