ఫ్రేము కట్టించే ముందు

చి. సింధుకి,

కొండాపూర్ ఫ్లాట్‌లో హాలు గోడ నిండా పాత హైదరాబాద్ ఫోటోలు పెట్టబోతున్నావని, బోనస్ డబ్బులు దానికే దాచావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన ఇంట్లో ఒకరికైనా ఈ పిచ్చి పట్టిందని పొంగిపోయాను. తెల్లారేసరికి టెన్షన్ మొదలైంది.

భూతద్దంతో చూసి కొను. చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది పుస్తకంలోంచి కోసిన పేజీ. పెద్ద పేరు చెప్పి రేటు పెంచితే సంవత్సరాలు లెక్కేసుకో. 1908 మూసీ వరద ఫోటో చూపించి నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ స్వయంగా తీశారంటే నమ్మకు, ఆయన 1905లోనే కాలం చేశారు. 1948లో నిజాం సైన్యాధిపతి ఎల్ ఎద్రూస్ భారత సైన్యం జనరల్ చౌధురికి లొంగిపోయిన ఫోటో కావాలంటే కొత్త ప్రింటే తీసుకో, తప్పేం లేదు. కొత్తదానికి పాతదాని రేటు మాత్రం ఇవ్వకు.

నా భయమంతా ఫ్రేము దగ్గరే. మీ తాతయ్య దగ్గర వరద తర్వాత తీసిన ఫోటో ఒకటి ఉండేది. కూలిన గోడల మధ్య నలుగురు మగవాళ్లు, ఒక చిన్న పిల్ల. వాళ్ల పేర్లు, ఆ ఇల్లు ఎవరిదో తాతయ్య వాళ్ల నాన్నగారు వెనక పెన్సిల్‌తో రాసి పెట్టారు. ఫ్రేము కట్టినాయన ముడతలు రాకూడదని వెనకంతా జిగురు పూసి అట్టకు అంటించాడు. పైన అద్దం ఆనించి బిగించాడు. వానాకాలం గోడ చెమ్మెక్కింది, ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. తాతయ్య అద్దం లాగితే పిల్ల ముఖం దానితోపాటే ఊడి వచ్చింది. కనీసం పేర్లయినా దక్కుతాయని తడిగుడ్డతో నానబెట్టి, అట్టను పొరలు పొరలుగా ఒలుస్తూ కూర్చున్నారు. పీచు వచ్చింది గానీ ఒక్క అక్షరం దొరకలేదు. ముఖం పోయినందుకంటే పేర్లు పోయినందుకే ఆయన ఎక్కువ బాధపడ్డారు. వాళ్లెవరో ఇప్పుడు మనలో ఎవరికీ తెలియదు తల్లీ.

అందుకే ఫోటో చేతికి రాగానే మొదట దాని వెనక వైపును సెల్‌లో ఫోటో తీసుకో. స్టాంపు, గీత, ఏదున్నా సరే. నువ్వు రాయాల్సి వస్తే మెత్తటి పెన్సిల్‌తో అంచున, ఒత్తకుండా రాయి. బాల్‌పెన్ ముట్టుకోకు. షాపులో యాసిడ్ ఫ్రీ మౌంట్ బోర్డు, అంటే ఆమ్లం లేని అట్ట అడుగు, అద్దానికీ ఫోటోకీ మధ్య సందు వదలమను. జిగురూ వద్దు, సెల్లోటేపూ వద్దు, నాలుగు మూలలకు కాగితం జేబులు చాలు. "పొంగుతుంది మేడమ్" అంటాడు. పొంగనీ. పని అయ్యేదాకా పక్కనే నిలబడు.

బాత్రూం పక్క గోడ వద్దు. పడమటి ఎండ పడే గోడ అసలే వద్దు. అక్కడే బాగుంటుందని మీ అమ్మ అంటుంది, వినకు. ఇప్పటికే అద్దానికి అతుక్కున్న ఫోటో దొరికితే లాగకు, అద్దంతో సహా స్కాన్ చేయించు.

బోనస్ అంతా ఒకేసారి తగలేస్తే మాత్రం ఊరుకోను. ముందు ఒక్కటి కొను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల వైపు వెళ్తే పొద్దున్నే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. భూతద్దం కొనకు, నాది తెస్తాను.

ఆశీస్సులతో,
మామయ్య