చేసిన నేను, చెప్పే నేను

తమ్ముడూ,

నీ నవల చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. డెబ్బై ఏళ్ల మనిషి తన కథ తాను చెబుతున్నాడు, బాగుంది. కానీ వాడి బాల్యంలోనూ ఆ డెబ్బై ఏళ్లవాడే కనిపిస్తున్నాడు. అవే భయాలు, అవే తీర్పులు.

ప్లేటో రాసిన 'సింపోజియం' అనే సంభాషణలో డియోటిమా అనే జ్ఞానవతి ఏమంటుందో చూడు. పసితనం నుంచి ముసలితనం దాకా మనిషి ఒక్కడే అంటాం గానీ, జుట్టూ నెత్తురూ ఎముకలే కాదు, అలవాట్లు, కోరికలు, భయాలు కూడా మారిపోతూనే ఉంటాయట. మరి ఒక్కడని దేన్నిబట్టి అంటున్నాం? ఎరుకనిబట్టి, అంటే తాను చేసినవి తనవేనని తెలిసి ఉండటాన్నిబట్టి అన్నాడు ఇంగ్లీషు తత్వవేత్త జాన్ లాక్, 1694లో తన పుస్తకం రెండో కూర్పుకు చేర్చిన అధ్యాయంలో. రాజకుమారుడి ఎరుక చెప్పులు కుట్టేవాడి ఒంట్లో చేరితే, రాజకుమారుడు చేసినవాటికి ఆ ఒంట్లో ఉన్నవాడే జవాబుదారీ. మన పనికి కావలసింది ఆ జవాబుదారీతనమే.

ఇంగ్లీషు రచయిత డెఫో రాసిన 'మాల్ ఫ్లాండర్స్' (1722) నవల తప్పకుండా చదువు. దొంగగా బతికిన మాల్ తన కథ తానే చెబుతుంది. తన అసలు పేరు మాత్రం చివరిదాకా చెప్పదు. మొగుళ్లు మారతారు, వేషాలు మారతాయి. ఒకచోట, డాన్స్ బడి నుంచి ఒంటరిగా వస్తున్న చిన్నపిల్లను మాటల్లో పెట్టి సందులోకి తీసుకెళ్లి, మెడలోని బంగారు పూసల దండ కాజేస్తుంది. పిల్ల ఏడవకుండా చంపేస్తేనో అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచనకు తానే హడలిపోయి, 'మీ ఇంటికి దారి ఇటు కాదు' అని పిల్లను వెనక్కి తిప్పి పంపేస్తుంది. ఆ తరవాత, ఒంటరిగా వదిలిన తల్లిదండ్రులకు బుద్ధొచ్చేలా చేశానని తనకు తాను సర్దిచెప్పుకుంటుంది! దొంగతనం చేసినావిడ, సాకు వెతుక్కున్నావిడ, ఏళ్ల తరవాత ఆ రెండూ దాచకుండా చెబుతున్నావిడ – ముగ్గురూ ఒకే పేజీలో ఉన్నారు. పేరు తెలియకపోయినా మాల్‌ని మనం మరిచిపోలేం.

ఒకే మనిషి గురించి రాసినంత మాత్రాన కథకు ఏకత్వం రాదని అరిస్టాటిల్ ఏనాడో అన్నాడు. మాల్ కథను కట్టి ఉంచేది, చేసినదాన్ని ఇలా ఒప్పుకోవడమేనని నా నమ్మకం.

ఇక నీ మూడో అధ్యాయం. కుర్రవాడు అన్నయ్య హాల్ టికెట్ దాచేస్తాడు. 'అప్పట్లో తెలియక చేశాను' అని ముసలాయన ఒక్క ముక్కలో దాటేశాడు. తెలియకేం, బాగా తెలుసు. ఆ రాత్రి పక్కమీద పడుకుని వాడు తనకు తాను ఏం చెప్పుకున్నాడో రాయి. ముందు ఆ ఒక్క పేజీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య