మౌస్ పక్కన పెట్టి, ఒక పేజీ వినమనండి

ప్రశ్న: మా అమ్మాయి వైజాగ్‌లో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. దివ్యాంగులు వాడుకోగలిగేలా వెబ్‌సైట్లను పరీక్షించే పని, యాక్సెసిబిలిటీ అంటారట, అది నేర్చుకుంటానంటోంది. అందులో ఉద్యోగాలుంటాయా? కోడింగ్ వదిలేస్తుందేమోనని భయం. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: ఇది కోడింగ్ వదిలేసే దారి కాదండి, కోడింగ్ వస్తేనే రాణించే దారి. హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్ రానివాళ్లు తప్పుందని చెప్పగలరేమో, ఎలా సరిచేయాలో చెప్పలేరు. కంపెనీలకు కావాల్సింది ఆ రెండోది.

ఈమధ్య చూపులేని డిగ్రీ కుర్రాడొకడు నా దగ్గరికొచ్చి, ఫోన్‌లో ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తు తెరిచాడు. తెరమీదున్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్, టాక్‌బ్యాక్, ‘ఎడిట్ బాక్స్... ఎడిట్ బాక్స్... బటన్’ అంటూ పోతోంది. ఏది పేరో, ఏది ఆధార్ నంబరో చెప్పదు. చివర్లో క్యాప్చా, అదీ ఉత్త బొమ్మే. ‘పాస్‌వర్డ్ కూడా పక్కింటివాళ్లకు చెప్పి నింపించుకుంటున్నాను సార్’ అన్నాడు. నాకు నోట మాట రాలేదు. ఒక్కో గడికి ఒక్క లైను లేబుల్ రాసుంటే సగం కష్టం తీరేది.

ఇక అవకాశాల సంగతి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం వెబ్‌సైట్లకూ వర్తిస్తుంది. ప్రభుత్వ సైట్లకు జీఐజీడబ్ల్యూ మార్గదర్శకాలు 2009లోనే వచ్చాయి; 2023 నాటి మూడో వెర్షన్, యాక్సెసిబిలిటీకి అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ (మధ్య) స్థాయి ఉండాలంటుంది. కానీ ఏళ్ల తరబడి ‘పాటిస్తే మంచిదే’ అన్నట్టు నడిచింది. 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు, ఆ చట్టం కింద 2017లో చేసిన నిబంధనల్లోని 15(1) చెల్లదని, తప్పనిసరి నియమాలను మూడు నెలల్లో రూపొందించాలని కేంద్రాన్ని ఆదేశించింది. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమేనంది. కాబట్టి శాఖలకూ, వాటికి సైట్లు కట్టే కంపెనీలకూ ఈ పని తెలిసినవాళ్లు కావాలి.

అయితే ‘యాక్సెసిబిలిటీ టెస్టర్’ పేరుతో ఫ్రెషర్లను నేరుగా తీసుకునే చోట్లు తక్కువ. ఫ్రంట్ ఎండ్‌లోనో (సైట్లో మనకు కనిపించే భాగం కట్టే పని) టెస్టింగ్‌లోనో చేరి, ఇందులో గట్టిదనిపించుకోవడం మేలు. తెలుగు రావడం ఆమెకు అదనపు బలం. పేజీ భాష తెలుగని కోడ్‌లో రాయకపోతే స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారకపోవచ్చు. పాత, యూనికోడ్ కాని ఫాంట్లలో టైప్ చేసిన పీడీఎఫ్ అర్థంలేని అక్షరాలుగా వినిపిస్తుంది. స్కాన్ చేసి పెట్టిన ఉత్తర్వైతే బొమ్మే కాబట్టి మామూలుగా అసలేం వినిపించదు. ఇవన్నీ పట్టుకోవడానికి తెలుగు చెవి ఉండాలి.

ఈ సెలవుల్లో ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ వేసుకోమనండి, ఉచితమే. మౌస్ ముట్టకుండా, స్క్రీన్ ఆపేసి, కీబోర్డుతోనే ఏదైనా ప్రభుత్వ సైట్లో ఒక పని పూర్తిచేయమనండి. ఎక్కడ ఆగిపోయిందో, డబ్ల్యూసీఏజీలో ఏ నియమం తప్పిందో, కోడ్‌లో ఏం మార్చాలో రాసుకోవాలి. అలాంటి రిపోర్టులు మూడు చేతిలో ఉంటే ఇంటర్వ్యూలో ధైర్యంగా మాట్లాడగలదు. యాక్సెసిబిలిటీలో సర్టిఫికెట్ ఇచ్చే సీపీఏసీసీ పరీక్షకు ఫీజు ఎక్కువ, అది ఉద్యోగంలో చేరాక చూసుకోవచ్చు.

మొదటి రోజు మీరూ పక్కన కూర్చోండి. మీరు నెలనెలా కరెంటు బిల్లు కట్టే పేజీయే పెట్టమని, కళ్లు మూసుకుని వినండి.