అమెరికా ఇమ్మిగ్రేషన్ విధానం మారాలా? మారాలి, ముందు పిల్లల సంగతి తేల్చాలి

"అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని సంస్కరించాలా, ఎందుకు?" అని అడిగారు. సరిహద్దు గోడ గురించి మాట్లాడేవాళ్ళు బోలెడుమంది. పద్ధతిగా వరసలో నిలబడ్డవాళ్ళ గోలే ఎవరికీ పట్టదు. నేను ఆ వరసలోనే ఉన్నాను కాబట్టి అదే చెబుతాను.

మా అమ్మాయిని ఇక్కడికి తెచ్చినప్పుడు దానికి నాలుగేళ్ళు. నిరుడు 21 నిండాయి. చట్టం లెక్కలో ఇక చిన్నపిల్ల కాదు. దాంతో నా హెచ్‌1బీ (ఉద్యోగ వీసా) వల్ల వచ్చిన హెచ్‌4 (కుటుంబసభ్యుల వీసా) పోయె, నాతోపాటు గ్రీన్ కార్డు వచ్చే ఆశా పోయె. డిగ్రీ మధ్యలో ఉంది, ఎఫ్‌1కి, అంటే విద్యార్థి వీసాకి మారాలి. అంటే చదువవగానే స్వదేశం వెళ్ళిపోతానని అధికారుల్ని నమ్మించాలి. అక్కడ ఇల్లూ వాకిలీ ఉన్నట్టు కాగితాలేమైనా ఉన్నాయా అన్నాడు లాయరు. తెనాలిలో మా అన్నయ్యకు ఫోన్ చేస్తే ఇంటిపన్ను రసీదు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపాడు. నాన్న పోయి ఏళ్ళయినా రసీదు ఇంకా ఆయన పేరు మీదే ఉంది. అమ్మాయికి తెలుగు చదవడం రాదు. ఫొటో పెద్దది చేసి, "తాతయ్య పేరు ఎక్కడుంది నాన్నా?" అంది. చూపించాను. "ఈ ఇంటికి వెళ్ళిపోతానని రాయాలా? అక్కడ పెదనాన్నవాళ్ళు ఉంటున్నారుగా!" అంది. రాయమన్నాను. రెండు పేజీలు రాసింది. ఇక్కడే పుట్టిన మావాడు, అమెరికా పౌరుడు, పక్కగదిలో వీడియో గేమ్ ఆడుకుంటున్నాడు.

ఇదంతా 1990 నాటి చట్టం పుణ్యం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. భార్యాపిల్లలూ అందులోనే లెక్క. ఏ దేశానికైనా 7 శాతమే పరిమితి. ఇండియా అయినా ఐస్‌లాండ్ అయినా ఒకటే. అదీ పౌరసత్వాన్ని బట్టి కాదు, పుట్టిన దేశాన్ని బట్టి. మా ఆఫీసులో ఒకతను నాకంటే చాలా వెనక వచ్చాడు. వాళ్ళావిడ పుట్టింది కువైట్‌లో, వాళ్ళ నాన్న అక్కడ పనిచేసే రోజుల్లో. ఆవిడ పుట్టిన దేశం లెక్కన ఇద్దరికీ కార్డు చేతికొచ్చేసింది. ఇక్కడికి రావాలనుకునే కుర్రాళ్ళు సలహా అడిగితే, సంబంధం చూసేటప్పుడు జాతకంతోపాటు పిల్ల ఏ దేశంలో పుట్టిందో కూడా కనుక్కోండి అంటున్నాను. జోకేం కాదు.

మనవాళ్ళూ తక్కువ తినలేదు. ఒకే మనిషికి నాలుగు కన్సల్టెన్సీల నుంచి హెచ్‌1బీ లాటరీ వేయించి, మొత్తం తెలుగువాళ్ళ పేరు చెడగొట్టారు. 2024లో ఎన్ని దరఖాస్తులున్నా మనిషికి ఒక్కటే ఛాన్స్ అన్నాక గానీ ఆ ఆట కట్టలేదు. దానికితోడు ఊరెళ్తే చాలు, "ఇంకా గ్రీన్ కార్డు రాలేదా?" అని పలకరింపు. ఆ టెన్షన్ వేరే.

దేశాల పరిమితి ఎత్తేసే బిల్లు 2019లో ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. 2020 డిసెంబరులో సెనేట్ తన రూపంలో ఆమోదించింది. రెండింటికీ పొత్తు కుదరక మూలపడింది. చిన్నప్పుడే వచ్చిన పిల్లల్ని దేశం నుంచి పంపేయకుండా ఆపడానికి 2012లో ఒబామా తెచ్చిన డాకాలో కూడా మా పిల్లలకు చోటు లేదు. అది చట్టబద్ధమైన హోదా లేని పిల్లలకే, చెల్లుబాటయ్యే వీసా మీద ఉన్నవాళ్ళకు వర్తించదు.

పరిమితి ఎత్తేస్తే మిగతా దేశాలవాళ్ళు ఆగాల్సి వస్తుందంటారు. ఆగనివ్వండి, మేం ఆగట్లేదా? అదంత తేలిగ్గా కుదరదంటే, కనీసం దరఖాస్తు పెట్టిన రోజున పిల్లల వయసెంతో అదే లెక్కలోకి తీసుకోండి. దానికి అదనంగా ఒక్క వీసా కూడా అక్కర్లేదు.