బ్యాండ్ పెడుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నలుగురు కలిసి బ్యాండ్ పెట్టారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. వాయించడం గురించి నీకు నేను చెప్పేదేమీ లేదు. వాయించడం రాక విడిపోయిన బ్యాండ్లు తక్కువ. పాట ఎవరిది, డబ్బు ఎవరిది అన్న దగ్గర విడిపోయినవే ఎక్కువ. అందుకే ఈ ఉత్తరం నిండా కాగితాల గొడవే ఉంటుంది, ఓపిగ్గా చదువు.

ఒక్క పాటలో రెండు ఆస్తులుంటాయి. బాణీ, సాహిత్యం ఒకటి. రికార్డు చేసిన అసలు ప్రతి, అంటే మాస్టర్, ఇంకొకటి. మొదటిది కట్టినవాళ్లది, రాసినవాళ్లది. రెండోది, కాపీరైట్ చట్టం ప్రకారం, ఆ రికార్డింగుకి పూనుకుని బాధ్యత తీసుకున్నవాళ్లది. స్టూడియో బిల్లు స్నేహితుడెవరో ప్రేమగా కట్టాడనుకో, రేపు మాస్టర్ నాదంటే ఏం చూపిస్తావు? పాట పూర్తయిన రోజే, గిటార్లు సర్దకముందే, ఒక తెల్లకాగితం తియ్యండి. పాట పేరు, తేదీ, రాసిందెవరు, బాణీ ఎవరిది, ఎవరికెంత శాతం, రికార్డింగు ఖర్చు ఎవరెంత పెట్టారు, మాస్టర్ ఎవరిది, అన్నీ రాయండి. శాతాలు కూడితే సరిగ్గా 100 రావాలి. నలుగురూ సంతకాలు పెట్టి, ఫోటో తీసి గ్రూపులో పడెయ్యండి. "మధ్యలో ఆ గిటారు బిట్టు నాదే కదరా" అని ఇవాళ నవ్వుతూ అన్నవాడే, పాట పేరు తెచ్చుకున్నాక లాయరు చేత అనిపిస్తాడు. వాడు చెడ్డవాడై కాదు, ఎవరికి గుర్తున్నది వాళ్లకి నిజం.

బ్యాండ్ పేరు ఎవరిదో కూడా ఇప్పుడే రాసుకోండి. ఢిల్లీ బ్యాండ్ ఇండియన్ ఓషన్‌ని చూడు. 1990లో మొదలైంది. తొలి ఆల్బం 1993లో, వాళ్లకి దేశమంతా పేరు తెచ్చిన ఆల్బం 'కందిస' 2000లో. అంటే పదేళ్లు పట్టింది. 2009 చివర్లో గాయకుడు, తబలా కళాకారుడు అశీమ్ చక్రవర్తి పోయారు. 2013లో వ్యవస్థాపకుడు, గిటారిస్టు సుస్మిత్ సేన్ తప్పుకున్నారు. బ్యాండ్ అదే పేరుతో నడుస్తూనే ఉంది. 2010లో కొత్త ఆల్బం పాటల్ని నెలకొకటి చొప్పున నెట్‌లో ఉచితంగా ఇచ్చారు. పాట మీద హక్కు తమ చేతిలో ఉన్నవాళ్లే అలాంటి నిర్ణయం తీసుకోగలరు.

లేబుల్ నుంచి, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ నుంచి, అగ్రిమెంటు వస్తే ముందు గడువు, ప్రాంతం చూడు. ఆ రెండూ రాయకపోతే చట్టం 5 ఏళ్లు, భారతదేశం వరకే అని లెక్కేస్తుంది. అందుకే వాళ్లు "ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంతకాలం" అని రాయిస్తారు. ఉన్నంతకాలమంటే రికార్డింగుకి 60 ఏళ్లు, బాణీకి, సాహిత్యానికి కర్త జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. మూడేళ్లో ఐదేళ్లో అని అడుగు, అడగడానికి మొహమాటపడకు. ఇంకొకటి, హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే అది నీకు తిరిగొస్తుంది. ఆ నిబంధన వర్తించదని ఏ మూలో ఒక లైను పెడతారు, దాన్ని కొట్టేయించు. ఆ చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత బాణీకర్త, గీతకర్త తమ రాయల్టీ వాటాని వదులుకుంటూ సంతకం పెట్టినా అది చెల్లదు. కానీ ఆ డబ్బు ఇంటికి రావాలంటే బాణీకర్తల, గీతకర్తల రాయల్టీ వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం ఉండాలి. బ్యాండ్ పేరు మీద కాదు, రాసేవాళ్లు, కట్టేవాళ్లు విడివిడిగా చేరాలి. ప్రతి పాటా నమోదు చెయ్యాలి. చేరి ఊరుకుంటే రూపాయి రాదు.

రిలీజు సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రతి రికార్డింగుకీ దాన్ని గుర్తుపట్టడానికి అంకెలు, అక్షరాలు కలిపి 12 ఉండే ఐఎస్ఆర్‌సీ కోడ్ ఉంటుంది. లైవ్ వెర్షన్‌కి కొత్తది కావాలి. పాటని స్పాటిఫై లాంటి యాప్‌లకి చేర్చే డిస్ట్రిబ్యూటర్‌ని మార్చినప్పుడు మాత్రం పాత కోడే ఇవ్వాలి, లేకపోతే ఎన్నిసార్లు విన్నారన్న లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. బ్యాండ్ పేరు స్పెల్లింగు ప్రతిసారీ ఒకేలా ఉండాలి, ఒక్క అక్షరం తేడా వస్తే యాప్‌లో మీ బ్యాండ్‌కి రెండు పేజీలు తయారవుతాయి. పాట ఫైలు డిస్ట్రిబ్యూటర్‌కి నెల ముందే పంపు. స్పాటిఫైలో ఒక పాటని ఏడాదిలో కనీసం 1,000 సార్లు వినకపోతే పైసా లేదు, అందులోనూ 30 సెకన్లు విన్నదే లెక్క. ఆలాపన అందంగా ఉందని నిమిషం సాగదీస్తే, పల్లవి దాకా ఆగేవాళ్లు తక్కువ.

మొదట్లో ఇల్లు గడిచేది ప్రోగ్రాంలతోనే. 60,000కి ఒప్పుకున్నావనుకో. సగం అడ్వాన్స్, మిగతాది స్టేజీ ఎక్కకముందు. ఒప్పుకున్న రోజే అది మెసేజ్‌లోనైనా రాతపూర్వకంగా ఉండాలి. ముందే కోసుకునే పన్ను, అంటే టీడీఎస్, 10 శాతం పోను చేతికొచ్చేది 54,000. బండి, పెట్రోలు 12,000, సౌండ్ ఇంజినీరుకి 8,000 తీసేస్తే మిగిలేది 34,000. దాన్ని నాలుగు భాగాలు చెయ్యకండి, ఐదు చెయ్యండి. ఐదోది బ్యాండ్‌ది. తలా 6,800, బ్యాండ్ ఖాతాకీ 6,800. తీగలు, కేబుళ్లు, తర్వాతి రికార్డింగు, అన్నీ అందులోంచే. ఇక్కడ అందరూ పొరపాటు చేసేది పాన్ కార్డు దగ్గర. నీ పాన్ ఇస్తే 60,000 మొత్తం నీ ఆదాయంగానే కనబడుతుంది. కాబట్టి భాగస్వామ్య పత్రం రాయించి, బ్యాండ్ పేరు మీద పాన్, బ్యాంకు ఖాతా తెరవండి.

సౌండ్ వాళ్లకి ముందురోజే ఇన్‌పుట్ లిస్టు, అంటే మిక్సర్‌కి ఏవేవి కలపాలో రాసిన జాబితా, పంపు. డ్రమ్స్‌కి 8, బేస్ 1, గిటారు 1, కీబోర్డు 2, గొంతులకి 3, మొత్తం 15 ఛానళ్లు. పెళ్లిళ్లలో జనరేటర్ కరెంటు మీద స్పీకర్లు గుయ్‌మంటే వాయిద్యాన్ని మిక్సర్‌కి కలిపే డీఐ బాక్స్ మీద గ్రౌండ్ లిఫ్ట్ అనే స్విచ్ నొక్కు. అంతేగానీ ప్లగ్గుకున్న ఎర్త్ పిన్ను పీకనివ్వకు, తడి నేల మీద మైకు పట్టుకున్నవాడికి ప్రాణాపాయం.

జనం సినిమా పాటలే అడుగుతారు, పాడండి. కానీ 12 పాటల్లో 3 మీవి ఉండాలి, అదీ బాగా తెలిసిన పాట అయిపోయి చప్పట్లు ఆగకముందే ఎత్తుకోవాలి.

ఇప్పటికే కట్టిన పాటలకి కాగితం లేదని విన్నాను. ఈ ఆదివారం రిహార్సల్ మొదలుపెట్టకముందే రాసెయ్యండి. లేబుల్ కాగితం ఏదొచ్చినా సంతకం పెట్టకముందు నాకు వాట్సాప్‌లో పంపు, రాత్రయినా చూస్తాను.

ఇట్లు,
మామయ్య