డిసెంబరు 31 రాత్రి ఫ్లైఓవర్లు మూసేస్తారు: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రునికి,

నమస్కారం. మీరు పంపిన, ఒక్క రాత్రిలో నడిచే నాలుగు కథల సినిమా స్క్రిప్టు అందింది. ఇలా వచ్చినవాటికి జవాబు రాయడానికి నాకు నెలలు పడుతుందనీ, కొన్నింటికి అసలు రాయననీ మీకు ఎవరో చెప్పే ఉంటారు, అది నిజమే. మీది చదివిన సాయంత్రమే రాయడానికి కూర్చున్నానంటే అందుకు కారణం అరవై ఒకటో పేజీ. డిసెంబరు 31 అర్ధరాత్రి దాటాక, హైదరాబాదులో నాలుగు కథల మనుషులూ నాలుగు బళ్ళలో నాలుగు దిక్కుల నుంచి వచ్చి ఒకే ఫ్లైఓవరు మీద ఢీకొంటారని అందులో రాశారు. ఫ్లైఓవరుకు ఉండేవి రెండు దిక్కులేనన్న సంగతి అలా ఉంచండి. ఆ రాత్రి నగరంలోని ఫ్లైఓవర్లలో చాలావాటిని పోలీసులు మూసేస్తారు. ఏటా మూసేస్తారు, ఏటా ఆ సంగతి పేపర్లో పడుతుంది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగానని గర్వంగా రాసుకున్న మీకు అది తెలియదంటే నేను నమ్మను. తెలిసీ, కథకు అడ్డం వస్తుందని పక్కన పెట్టారు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఒక్క రాత్రిలో నడిచే కథ విషయంలో నాకొక మొండి పట్టు ఉంది, దాన్ని ఎవరి కోసమూ సడలించను. పగటి కథలో మనిషి వెళ్ళదలచిన చోటికి వెళ్తాడు, కలవదలచిన మనిషిని కలుస్తాడు, ఒక బస్సు తప్పిపోతే ఇంకో బస్సు వస్తుంది. రాత్రి అలా కుదరదు. చాలా చోట్ల తాళాలు పడిపోతాయి. తెరిచి ఉన్న కొద్ది చోట్లా ఎవరో ఒక చిన్న ఉద్యోగి ముందు రిజిస్టరు పెట్టుకుని, నెత్తిన రూలు పెట్టుకుని కూర్చుని ఉంటాడు. ఏవి మూతపడ్డాయో, ఎవరు డ్యూటీలో ఉన్నారో, ఏ పని చేయకపోతే ఎంత జరిమానా పడుతుందో మీరు కనుక్కుంటే సగం ప్లాటు దానంతటదే వస్తుంది, నవ్వు కూడా అక్కడే దొరుకుతుంది. మీరేమో నవ్వు కోసం బూతులు రాశారు. శవం పక్కన నిలబడి బూతు మాట్లాడితే అది డార్క్ కామెడీ అనే నమ్మకం ఈమధ్య కుర్ర దర్శకుల్లో బాగా ప్రబలింది, వాళ్ళ దగ్గరే మీరూ పట్టుకున్నట్టున్నారు.

మీ మొదటి కథే తీసుకోండి. క్యాబ్ డ్రైవరు డిక్కీలో శవం ఉంది. దాన్ని ఊరవతల పారేసి, తెల్లారేలోగా బండి ఓనరుకు అప్పగించాలి. అంతవరకూ బాగుంది. ఆ తర్వాత అతను ఖాళీ రోడ్ల మీద పదమూడు పేజీల పాటు తిరుగుతూ జీవితం గురించి తనలో తాను మాట్లాడుకుంటాడు. డిసెంబరు 31 రాత్రి క్యాబు డ్రైవర్లు, ఆటో డ్రైవర్లు ప్యాసింజర్లను ఎక్కించుకోవడానికి నిరాకరిస్తే మోటారు వాహనాల చట్టం 178వ సెక్షను కింద 500 రూపాయల జరిమానా వేస్తామని హైదరాబాదు పోలీసులు హెచ్చరిస్తారు. అంటే డిక్కీలో శవం పెట్టుకున్నవాడు చెయ్యెత్తిన ప్రతివాడి దగ్గరా ఆపవలసిన రాత్రి అది. అంతేకాదు, ఆ రాత్రి పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కాలంటే విమానం టికెట్ చూపించాలి. కాబట్టి మీ డ్రైవరు ఆ దారిన ఊరు దాటాలంటే ఎయిర్‌పోర్టుకు వెళ్ళే ప్యాసింజరును తానే వెతుక్కుని ఎక్కించుకోవాలి. విదేశానికి వెళ్ళే ప్యాసింజరు చేతిలో రెండు పెద్ద సూట్‌కేసులుంటాయి, అతను బండి దగ్గరకు రాగానే అనే మొదటి మాట "డిక్కీ తీయండి" అని. ఈ సీనును ఊరే రాసి పెట్టింది, మీరు దాని పక్కనుంచి ఆ పదమూడు పేజీలు మోసుకుంటూ వెళ్ళిపోయారు.

రెండో కథలో రాత్రి పదకొండున్నరకు ఏటీఎంలో డబ్బు నింపుతున్న వ్యానును దోచుకుంటారు. నగరాల్లో రాత్రి తొమ్మిది తర్వాత ఏటీఎంలలో నగదు నింపకూడదని కేంద్ర హోం శాఖ పెట్టిన నిబంధన 2019 ఫిబ్రవరి నుంచి అమల్లో ఉంది. దీన్ని అడ్డంకి అనుకోకండి. తొమ్మిదికి పది నిమిషాలుండగా పండగ ట్రాఫిక్‌లో ఇరుక్కుని, నింపవలసిన పెట్టె నింపలేక, వెనక్కి తీసుకుపోనూలేక, సూపర్‌వైజరుతో ఫోనులో తిట్లు తింటున్న గార్డు, దోచుకోవడానికి వచ్చినవాళ్ళ కంటే ఎక్కువ కంగారులో ఉంటాడు.

మూడో కథ, పెళ్ళికొడుకుది. కాబోయే మామగారి స్టేట్ బ్యాంకు కార్డు కాజేసి, తన ఫోను చచ్చిపోయిందని ఏడుస్తూనే ఒక్కసారిగా నలభై వేలు తీసేస్తాడు. స్టేట్ బ్యాంకు ఏటీఎంలో పదివేలు, ఆపైన తీయాలంటే ఖాతాదారు ఫోనుకు ఓటీపీ వస్తుంది. 2020 జనవరిలో ఈ పద్ధతి రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది వరకే ఉండేది, ఆ ఏడాది సెప్టెంబరు నుంచి రోజంతా చేశారు. ఓటీపీ వచ్చేది మామగారి ఫోనుకు. మామగారు సంగీత్‌లో డ్యాన్సు చేస్తున్నారు. ఫోను ఆయన కుర్తా జేబులో ఉంది. పదివేలకు తక్కువగా విడగొట్టి తీస్తాడని మీరు వాదించవచ్చు. తీయనివ్వండి, మళ్ళీ మళ్ళీ కార్డు పెడుతున్న షేర్వాణీ కుర్రాడిని వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఏమంటారో అదీ రాయండి.

నేను ఈ పట్టుదలను సినిమాల్లో నేర్చుకోలేదు. వయసులో ఉన్నప్పుడు ఒక దినపత్రిక జిల్లా ఎడిషనులో నైట్ డెస్కు మీద పనిచేశాను. పేజీలు బ్రోమైడు ముక్కలు, అంటే ఫోటో కాగితం మీద తీసిన అక్షరాల ముక్కలు, అతికించి తయారుచేసే కాలం. ఒక రాత్రి సిటీ పేజీ దించే వేళకు, చనిపోయిన ఒక పెద్దమనిషి కొడుకూ అల్లుడూ మరణ ప్రకటనతో వచ్చారు. "ఇట్లు దుఃఖతప్తులు" అన్న మాట కింద మొదట ఎవరి పేరుండాలన్నది తగువు. డబ్బు కట్టింది అల్లుడు, తలకొరివి పెట్టేది కొడుకు. ఫోర్‌మన్ ఒకసారి పేరును బ్లేడుతో కోసి పైన అతికించాడు, కొడుకు అరిచాడు; మళ్ళీ లేపి కింద అతికించాడు, అల్లుడు రసీదు చూపించాడు. బయట వ్యాను హారను కొడుతోంది, రైలు తప్పితే మూడు తాలూకాలకు పేపరు అందదు. అంతలో గుమ్మంలోకి ఒక కుర్రాడు వచ్చాడు. సిగరెట్ పెట్టె అట్ట మీద తన పేరూ తల్లి పేరూ రాసుకొచ్చి, ఇవి కూడా వేయమని అడిగాడు. ఆ తల్లి ఎవరో గదిలో ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు. కొడుకూ అల్లుడూ ఆ రాత్రికి మొదటిసారి ఒక్కటై, వీల్లేదన్నారు. ఫోర్‌మన్ గడియారం చూసుకుని, కుర్రాడి చేతిలో అట్ట తీసుకుని, అందరి పేర్లూ ఒకే వరసలో ఇరికించేశాడు. చోటు చాలకపోతే "దుఃఖతప్తులు" అన్న ముక్కను లేపి అవతల పడేశాడు. మర్నాడు ప్రకటన అలాగే వచ్చింది.

అందులో ఎవరూ జోకు వేయలేదు. ఆ వ్యాను హారనే లేకపోతే ముగ్గురూ తెల్లవార్లూ ధర్మాలు మాట్లాడేవారు, ఏమీ జరిగేది కాదు. దాన్ని కథగా రాసి ఒక వారపత్రికకు పంపితే, వ్యాను సంగతి అనవసరమని సంపాదకుడు కత్తిరించి, చివర్లో ముగ్గురూ తండ్రి ఫోటో ముందు కౌగిలించుకున్నట్టు తానే ఒక పేరా కలిపి అచ్చు వేశాడు. నాకు ముందుగా చెప్పనైనా చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత ఇదే సంఘటన ఒక నిర్మాతకు చెబితే, ఆయన చాలాసేపు నవ్వి, రాత్రి షూటింగు ఖర్చు ఎక్కువ కాబట్టి పగటికి మార్చమన్నాడు. పగటికి మారిస్తే అల్లుడు రేపు రమ్మని వెళ్ళిపోతాడు కదా, ఇంక కథేముంది?

ఈ పద్ధతిని బాగా అర్థం చేసుకున్నవాళ్ళు లేకపోలేదు. 1985లో మార్టిన్ స్కోర్సెసీ తీసిన 'ఆఫ్టర్ అవర్స్'లో ఒక ఆఫీసు ఉద్యోగి న్యూయార్క్‌లోని సోహోకు టాక్సీలో వెళ్తుంటే, అతని దగ్గరున్న ఇరవై డాలర్ల నోటు కిటికీలోంచి ఎగిరిపోతుంది. ఇంటికి పోదామని సబ్‌వే స్టేషనుకు వస్తే, సరిగ్గా ఆ అర్ధరాత్రి నుంచే టికెట్ ధర పెరిగింది. జేబులో ఉన్న చిల్లర చాలదు, కౌంటర్లో మనిషి వదలడు. సినిమా అంతా అతను ఇంటికి చేరలేకపోవడమే. లోకేశ్ కనగరాజ్ 2019లో తీసిన 'ఖైదీ'లో చాలామందికి లారీ నడిపిన కార్తి గుర్తుంటాడు. నాకు మాత్రం కొత్తగా బదిలీ అయి అదే రోజు డ్యూటీలో చేరడానికి వచ్చిన కానిస్టేబులు గుర్తుంటాడు. దాడికి వస్తున్న ముఠాకు భయపడి మిగతా పోలీసులు వదిలేసి పోయిన కమిషనరు ఆఫీసులో, కొందరు కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని తలుపులు బిగించుకున్నవాడు. అతను పారిపోకపోవడానికి ఉన్న కారణం అతని డ్యూటీ.

మీరు ఆదర్శమని రాసిన 'వేదం' సంగతి కూడా చెప్పాలి. క్రిష్ 2010లో తీసిన ఆ సినిమా నుంచి మీరు డిసెంబరు 31నీ, అయిదారుగురు మనుషులనూ, అందరూ ఒకచోట చేరడాన్నీ తీసుకున్నారు. అసలు తీసుకోవలసింది డబ్బు. కొత్త సంవత్సరం పార్టీ పాసుల కోసం కేబుల్ రాజు దొంగిలించిన డబ్బు, సిరిసిల్ల నుంచి వచ్చిన ముసలి నేతకారుడు రాములు మనవడిని విడిపించుకోవడానికి కోడలి కిడ్నీ అమ్మి తెచ్చుకున్నది. ఒకే కట్ట, ఇద్దరికీ గడువు దగ్గరపడుతోంది, ఒకడికి వినోదం, ఇంకొకడికి ప్రాణం. ఆ రెండు కథలను కలపడానికి యాక్సిడెంటు అక్కరలేకపోయింది. నాలుగు కథలు రాసుకుని చివర్లో బండి గుద్దించి కలపడం, విడివిడి పూలను చేతిలో పట్టుకుని ఇదే దండ అనడం లాంటిది. ఈ యాక్సిడెంటు ఫ్యాషను పదిహేనేళ్ళుగా స్టోరీ డిస్కషన్లలో వింటున్నాను. దానికి తోడు అధ్యాయాల పేర్లు తెర మీద వేయడం, కథను ముందుకూ వెనక్కూ తిప్పడం. మీరూ 'అధ్యాయం మూడు: పాపం' అని వేశారు. తీసేయండి.

ఇక నాలుగో కథ. మార్చురీ అటెండరు శవాన్ని లోపలికి తీసుకుంటూ, వెంట వచ్చిన కుర్రాడిని పేరూ ఊరూ అడిగాక, రిజిస్టరులోంచి తలెత్తకుండా "రాత్రి అన్నం తిన్నాడా ఆయన?" అని అడుగుతాడు. ఆ మాట దగ్గర నేను స్క్రిప్టు మూసి కాసేపు ఊరుకున్నాను. మీరు రచయిత అనడానికి నాకున్న సాక్ష్యం ప్రస్తుతానికి అదొక్కటే. కానీ వెంటనే రెండున్నరకు డాక్టరు వచ్చి పోస్టుమార్టం చేసి, ఇది హత్య అని తేల్చేస్తాడు. సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని 2021 నవంబరులో కేంద్రం అనుమతించిన మాట నిజమే. అయితే హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణాలకు, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, ఆ అనుమతి వర్తించదు. మీ కథలో పోలీసులకు అనుమానం మొదటి సీనులోనే ఉంది. అంటే ఆ శవం తెల్లారేదాకా అక్కడే ఉండాలి, అటెండరు దాన్ని కాపలా కాయాలి.

ఇప్పుడు చూడండి: మీ స్క్రిప్టులో రెండు శవాలు ఎందుకున్నాయి? డ్రైవరు డిక్కీలో ఒకటి, మార్చురీలో ఒకటి. ఒక్కటి చాలు. అటెండరు కళ్ళుగప్పి ఎవరో మార్చురీలోంచి తరలించిన శవమే డ్రైవరు డిక్కీలో ఉందనుకోండి. వాడు తెల్లారేలోగా దాన్ని ఊరు దాటించాలి, వీడు తెల్లారేలోగా దాన్ని టేబులు మీదికి తెప్పించాలి, ఇద్దరికీ గడువు ఒకే సూర్యోదయం. వ్యాను గార్డూ పెళ్ళికొడుకూ ఈ లాగులాటలో ఎక్కడ కలుస్తారో నన్ను అడగకండి, అది మీ పని. కలవకపోతే వాళ్ళిద్దరినీ ఇంకో స్క్రిప్టుకు దాచుకోండి.

ఓటీటీ వాళ్ళకు ముందు చూపించాలా, నిర్మాతకా, పాటలు పెట్టాలా వద్దా, కథ దొంగిలిస్తారని భయం వేస్తే ఏం చేయాలి అని మీరు అడిగినవాటి జోలికి ఈ ఉత్తరంలో పోవడం లేదు. తిరగరాసిన ప్రతి పంపండి. మార్చురీతో మొదలుపెట్టండి, ఆ అన్నం మాటను మాత్రం ముట్టుకోకండి. అటెండరు డ్యూటీ ఎన్ని గంటలకు దిగుతాడో, ఎవరికి చార్జి అప్పగించి వెళ్తాడో మీ స్క్రిప్టులో ఎక్కడా లేదు. ఏదైనా ప్రభుత్వాసుపత్రికి స్వయంగా వెళ్ళి, అక్కడ రాత్రి పనిచేసేవాళ్ళతో కూర్చుని కనుక్కుని రాయండి.

శుభాకాంక్షలతో,
మీ శ్రేయోభిలాషి